వినబడని సుత్తి

వంతెన అడుగున కాంక్రీటు బాగుందో లేదో చూడటానికి ఇప్పుడు రకరకాల యంత్రాలు వచ్చాయి కానీ, మా పనిలో మొదట చేసేది ఇప్పటికీ సుత్తితో కొట్టి వినడమే. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే అట్టపెట్టె మీద కొట్టినట్టు డొల్లగా వినిపిస్తుంది. అలాంటి చోట చుట్టూ నారింజ రంగు సుద్దతో గీత గీస్తాం. నిచ్చెనలూ లిఫ్టులూ అందని చోటికి తాళ్ల మీద వేలాడుతూ వెళ్తాం. ఒక్కొక్కరికి రెండు తాళ్లు. ఒకటి మోయడానికి, అది తెగితే పట్టుకోవడానికి రెండోది. షికాగో చుట్టుపక్కల నదుల మీదా రైలు పట్టాల మీదా ఇలా వేలాడుతూనే నా తల నెరిసింది.

చెవులు మందగించిన సంగతి మొదట వంటింట్లో బయటపడింది. నా భార్య స్నానానికి వెళ్తూ, మూడు విజిల్స్ రాగానే స్టవ్ ఆపమంది. నేను కుక్కర్ పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను. పప్పు మాడిన వాసన వచ్చాక ఆపాను.

"పక్కనే ఉండి కూడా వినపడలేదా?"

"ఆఫీస్ మెయిల్ చదువుతున్నా."

ఆమె నమ్మింది. చెవులు మందగిస్తే సన్నటి శబ్దాలు ముందు పోతాయని నాకు తెలుసు. ఖంగుమనడానికీ డొల్లగా మోగడానికీ ఉన్న తేడా చాలావరకు ఆ సన్నటి శబ్దంలోనే ఉంటుందనీ తెలుసు. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఇక తాళ్ల మీదికి పంపరు, నేల మీద కూర్చోబెట్టి మిగతావాళ్లు తీసిన ఫొటోలు చూడమంటారు. అందుకని వెళ్లలేదు. సుత్తి పిడి నుంచి మణికట్టుకి వచ్చే అదురుని బట్టి చెప్పగలనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కొన్నిసార్లు చెప్పగలిగాను కూడా. అదే నన్ను చెడగొట్టింది.

షికాగో పక్కనే ఉన్న నేపర్‌విల్‌లో మాకు బాగా కావలసిన కుటుంబం ఒకటి ఉంది. వాళ్లమ్మాయి ఇక్కడే పుట్టి, సివిల్ ఇంజనీరింగ్ చదివి, మా కంపెనీలోనే చేరింది. తాళ్ల పని నేర్చుకుని నాకు జోడీ అయింది. ఒక ఆదివారం భోజనానికి పిలిచి, వాళ్లమ్మ నా ప్లేట్‌లో ఇంకో గారె వేస్తూ అంది:

"దీన్ని మీ చేతుల్లో పెడుతున్నా అన్నయ్యా. ఎక్కడెక్కడో వేలాడుతుందట."

"వేలాడటం కాదు అమ్మా, ఇన్‌స్పెక్షన్."

"ఏదో ఒకటిలే. అంకుల్ చెప్పినట్టు విను. ఎదురు మాట్లాడకు."

నేను నవ్వుతూ తలూపాను. తాళ్ల మీద మా నియమం దీనికి సరిగ్గా వ్యతిరేకం. నిన్న చేరిన మనిషికి కూడా అనుమానం వస్తే పని ఆపే హక్కు ఉంటుంది, ఆపమంటే అందరూ ఆగాలి. ఆ మాట అక్కడే, ఆ భోజనాల బల్ల దగ్గరే చెప్పాల్సింది. పెద్దరికం బాగుంది. చెప్పలేదు.

మర్నాడు ఒక నది వంతెన కిందికి దిగాం. చలికాలం మొదలైంది. దిగే ముందు ఒకరి పట్టీలు ఇంకొకరు చేత్తో లాగి చూడటం మా పద్ధతి.

"పొట్ట లోపలికి, అంకుల్. బకిల్ కనిపించట్లేదు."

"మీ అమ్మ గారెలే అవి."

ఒడ్డుకి దగ్గరగా ఉన్న స్తంభం పక్కన పని చేస్తున్నాం. మా కింద నడక దారి. ఆమె ఒక చోట రెండు మూడు సార్లు కొట్టి, నాకు చెయ్యి ఊపింది. అటు జరిగాను.

"అంకుల్, ఇక్కడ సౌండ్ వేరే ఉంది. డల్‌గా ఉంది."

కొట్టాను. నాకేమీ తేడా వినిపించలేదు. మందపాటి గ్లవ్స్‌లో మణికట్టుకీ ఏమీ తెలియలేదు. నాకు తెలియడం లేదని ఆ క్షణంలో స్పష్టంగా తెలుసు.

"పైన ట్రక్ పోతోందమ్మా. దాని చప్పుడు."

"ట్రక్ పోయింది కదా?"

"నువ్వు డైపర్లలో ఉన్నప్పటి నుంచీ కొడుతున్నా ఈ సుత్తి. బాగానే ఉంది, పద."

ఆమె ఇంకోసారి కొట్టబోయి ఆగింది. "ఓకే అంకుల్. మీరు చెప్తే ఓకే." సుద్ద తిరిగి సంచీలో పెట్టేసుకుంది.

చలికాలమంతా ఆ చోట లోపలి పగుళ్లలో నీళ్లు చేరి, గడ్డకట్టి ఉబ్బాయి. మంచు కరిగే రోజుల్లో పీటంత పెచ్చు ఊడి, కింద పరుగెత్తుతున్న ఒకావిడ కాలు మీద పడింది. ఆవిడ బతికింది. మళ్లీ పరుగెత్తలేదు.

ఆఫీసులో మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, మేనేజర్ ఆ చోటు గురించి అడిగాడు. నేను నోరు తెరవకముందే ఆ అమ్మాయి చెప్పింది: అక్కడ కొట్టింది తనేననీ, అనుమానం వచ్చినా వదిలేసి ముందుకి వెళ్లాననీ. నా ప్రస్తావనే తేలేదు. నేను కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. నిజం చెప్పడానికి అక్కడ ఎంతో సమయం ఉంది. బయట పార్కింగ్‌లో ఎప్పటిలాగే "బై అంకుల్" అని కారెక్కి వెళ్లిపోయింది.

వారమంతా తాత్సారం చేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాను, తర్వాత మేనేజర్‌కి అంతా చెప్పాను. అప్పటికే ఆమె తన పట్టీలూ హెల్మెట్టూ అప్పగించి ఉద్యోగం మానేసింది. వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ టీ పెట్టి లోపలికి వెళ్లింది.

"నాకు వినపడదమ్మా. ఆ రోజు కూడా వినపడలేదు. నువ్వు విన్నదే నిజం."

"నాకు తెలుసు అంకుల్."

"ఏం తెలుసు?"

"మీకు వినపడదని. వెనక నుంచి పిలిస్తే మీరు తిరగరు. అడిగితే ఫీల్ అవుతారని అడగలేదు."

"తప్పు నాది. మేనేజర్‌కి చెప్పేశాను. నువ్వు తిరిగి రా."

"నేను విన్నాను కదా? విని కూడా ఓకే అన్నాను." ఆమె గొంతులో కోపం లేదు. తిడితే పడొచ్చనే ధైర్యంతో వెళ్లాను నేను. "ఇప్పుడు మళ్లీ సుత్తి పట్టుకుంటే, ఏం వినిపించినా నమ్మను."

టీ చల్లారింది. లేవబోతుంటే అడిగింది: "మీరు ఓకే చెప్పినవి ఇంకా ఎన్ని ఉన్నాయి?"

చెవులు పోవడం ఎప్పుడు మొదలైందో నాకే తెలియదు.

ఇప్పుడు నేను చూసిన వంతెనలన్నిటినీ వేరేవాళ్లు మళ్లీ కొట్టి చూస్తున్నారు. ఎక్కడెక్కడ దిగానో చూపించడానికి నన్నూ తీసుకెళ్తారు. ఆ పని అయ్యాక ఒడ్డున నిలబడతాను. పైన తాళ్ల మీద ఇద్దరు. సుత్తి లేస్తుంది, పడుతుంది. నాకేమీ వినిపించదు. వాళ్ల చేతులే చూస్తుంటాను. ఈ ఉదయం ఒకతను ఒక చోట కొట్టి, ఆగి, మళ్లీ కొట్టాడు. నేను లోలోపల డొల్ల కాకూడదు, కాకూడదు అనుకుంటూనే ఉన్నాను. అతను పక్కవాడికేసి కూడా చూడకుండా సుద్ద కోసం నడుం దగ్గరి సంచీలో చెయ్యి పెట్టాడు.