టేపు సారు ఫైలు మీద ఎర్ర సిరా

ఆ రోజుల్లో నాకు భయపడడం తప్ప మరో పని అంత బాగా వచ్చేది కాదు. బీఎడ్ అయిపోయి, ఉద్యోగం రాక, ఇంటి ముందుగదిలో ఏడుగురు పిల్లలతో ట్యూషన్ మొదలుపెట్టాను. రెండేళ్ళు తిరిగేసరికి వాళ్ళు నలభై నలుగురయ్యారు. ఇంకెవరైనా అయితే సంతోషించేవారు. నాకు మాత్రం కొత్త పిల్ల వచ్చి గుమ్మంలో నిలబడినప్పుడల్లా గుండెల్లో రాయి పడేది, ఎక్కడ కూర్చోబెట్టాలా అని. అప్పటికే కొందరు మెట్ల మీద, ఇద్దరు మా అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని లెక్కలు చేస్తున్నారు. (ఊరి పేరు అడక్కండి, నేను చెప్పబోయే సారు ఇంకా అక్కడి మున్సిపల్ ఆఫీసులోనే ఉన్నారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడింట్లో మీకు నచ్చిన ఊరు అనుకోండి.)

ఒకరోజు పొద్దున ఇంటి ఓనరమ్మ (మేం పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం) మెట్ల మీది చెప్పుల్ని కాసేపు చూసి, మెల్లగా అమ్మతో అంది. "పిల్లలు మంచిగనే సదువుతున్నరు గని, గీ చెప్పుల మీద నేనొకనాడు జారి పడ్త. నెలాఖరుకల్లా ఇంకో జాగ సూసుకోండ్రి." కోప్పడి ఉంటే బతిమాలేదాన్ని. అంత మర్యాదగా చెబితే ఏమంటాం? పదో తరగతి పరీక్షలకు నెలన్నర కూడా లేదు. గరిడేపల్లి దిక్కు నుంచి రోజూ బస్సు పట్టుకుని వచ్చే ముగ్గురాడపిల్లల మొహాలు గుర్తొచ్చి నాకు అన్నం సయించడం మానేసింది. ఇప్పుడు ట్యూషన్ ఆగితే వాళ్ళకు మళ్ళీ లెక్కలు చెప్పేవాళ్ళు లేరు. నాకా, చేతిలో ఉన్న ఒక్క పనీ పోతుంది.

వెతగ్గా వెతగ్గా, మూసేసిన విత్తనాల దుకాణం పైన ఒక హాలు దొరికింది. ఆ ఓనరు మున్సిపల్ ఆఫీసు కాగితం తెస్తేనే తాళం చెవి ఇస్తానన్నాడు. అలా నేను అక్కడ గదులు కొలిచే టేపు సారు చేతికి చిక్కాను. ఆయన కుర్చీలో కూర్చున్నా కొలిచే టేపును బయటికి లాగి వదులుతూనే ఉండేవారు. అది సర్రుమన్నప్పుడల్లా నేను ఉలిక్కిపడేదాన్ని. హాలు కొలవడానికి వచ్చిన రోజు రెండో కొస నన్ను పట్టుకోమన్నారు. "జర గట్టిగ పట్టుకో టీచరమ్మా, నీ చెయ్యి వణికితే గది పెరుగుతది," అన్నారు. ఆయన లెక్క ప్రకారం ఒక్కో పిల్లకు పన్నెండు చదరపు అడుగుల చోటు ఉండాలి. లేకపోతే అనుమతి లేదు.

మూడు రోజుల తర్వాత పిలిచి, రాసిన ఫైలు నా చేతికిచ్చి, పెద్ద సారు రాగానే సంతకం పెట్టిస్తానని, అందాకా బయట బెంచీ మీద కూర్చోమన్నారు. గంట గడిచింది. పెద్ద సారు రాలేదు. మనసు మళ్ళించుకుందామని సంచిలోంచి పదో తరగతి వాళ్ళ టెస్టు పేపర్లు తీసి, ఫైలునే బల్లగా ఒళ్ళో పెట్టుకుని దిద్దడం మొదలుపెట్టాను. ఒకటి దిద్ది తిప్పడం, ఇంకోటి దిద్ది తిప్పడం. నా చేయి ఇక దానంతటదే పోతోంది. ఒక కాగితంలో ఎవరో ఇరవై నాలుగును పద్దెనిమిదితో గుణించి ఐదు వందల ముప్పై రెండు వేశారు. చేతిలో ఉన్న ఒకటిని రెండుసార్లు కలిపేశారన్నమాట. గీత కొట్టి, నాలుగు వందల ముప్పై రెండు అని వేసి, పక్కన 'కూడిక జాగ్రత్త, మళ్ళీ చేసి చూపించు' అని రాశాను. రాశాక చూస్తే కింద ఆఫీసు ముద్ర ఉంది. పేపర్లు అయిపోయి ఫైలు అట్ట కూడా తిప్పేశాను, అది సారు వేసిన హాలు కొలత.

ఆ క్షణంలో నా పరిస్థితి మీరే ఊహించుకోండి. వేలు తడి చేసి తుడవబోతే సిరా అలుక్కుపోయి కాగితం ఇంకా ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే టేపు సారు లోపలికి రమ్మన్నారు. ఫైలు తెరిచి చాలాసేపు చూశారు. టేపు బల్ల మీద కదలకుండా పడి ఉంది. ఫోన్ తీసి గుణించుకున్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"నీకు పిల్లలెంతమంది?" అని అడిగారు.

"నలభై నలుగురు సార్."

"నేనేసిన లెక్కకైతే అందరు పడ్తరు. నువ్వు దిద్దిన లెక్కకు ముప్పై ఆరుగురే పడ్తరు. నువ్వు గమ్మునుంటే ఈ పాటికి పని ఖతం అయ్యేది."

అప్పటిదాకా అది నాకు తట్టలేదు. ప్రభుత్వ కాగితం మీద రాశానని భయపడ్డానే గానీ, ఎనిమిది మంది పిల్లల్ని నా చేత్తో నేనే బయటికి పంపానని అప్పుడే తెలిసింది. ఆయన ముందే ఏడ్చేశాను. ఆయన కంగారుపడి మంచినీళ్ళ సీసా నా ముందుకు జరిపారు.

"ఏడ్వకు. అందరు ఒక్కసారే కూసోవాల్నని ఏముంది? పదోతరగతోళ్ళను పొద్దుగాల పిలువు, తక్కినోళ్ళను సాయంత్రం పిలువు." అలాగే రెండు బ్యాచులని రాసి, కాగితం నా వైపు తిప్పారు. "గిది సరిగ్గున్నదా సూడు. మల్ల నాతోని చేసి చూపియ్యమంటవ్."

నెలాఖరులోపే హాలులోకి మారాం, గరిడేపల్లి పిల్లలు పరీక్షలు రాశారు. నేను మాత్రం ఆ రోజు నుంచీ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అరుస్తూనే ఉన్నాను.

ఈ కథ ఊళ్ళో ఎలా పాకిందో గానీ, ఇప్పటికీ తల్లిదండ్రులు కొత్తవాళ్ళకు నన్ను చూపించి, తనకు నష్టమని తెలిసీ తప్పు దిద్దిన మనిషి అని చెబుతారు. నేను తల వంచుకుని ఊరుకుంటాను. నిజానికి అందులో నిజాయితీ ఏమీ లేదు, అలవాటే. ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం దొరికి ఉంటే ఫైలు మూసి, దాని మీద చేతులు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇప్పుడు నాకు ఆఫీసులన్నా, సార్లన్నా భయం లేదు. ఏ కాగితం చేతికొచ్చినా ముందు నాకేం లాభమో, ఏం నష్టమో చూసుకుని ఆ తర్వాతే నోరు తెరుస్తాను. అంత వణుకులోనూ తప్పును తప్పని రాసేసిన ఆ పిరికి పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. నవ్వడం అయిపోయాక, దాని ముందు కాస్త సిగ్గుగా కూడా ఉంటుంది.