గ్రిజ్లీకి చోప్ తెలియదు

నేను చెప్పిన జాగ్రత్తలు విని పక్క ఫ్లాట్ అబ్బాయి నలుగురిలో నవ్వాడు. నవ్వాల్సిన మాటలు కావవి.

అబ్బాయి అంటున్నానే గాని ముప్పై దాటినవాడు. హైదరాబాదు నుంచి ఈ దేశం వచ్చిన కుటుంబం. పాసిర్ రిస్‌లో మా ఇంటి గోడకు ఆనుకునే తల్లీ కొడుకూ ఉంటారు. ఉద్యోగం సైన్స్ పార్కులో. అక్కడ అతనితో పనిచేసే అమెరికా మిత్రుడు నిరుడు తమ దేశానికి ఎల్క్ వేటకు రమ్మన్నాడు. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. అది తిరిగే కొండల్లోనే గ్రిజ్లీ అనే పెద్ద ఎలుగుబంటీ తిరుగుతుంది. ఆ మిత్రుడిది గ్రిజ్లీలు లేని ఊరట, అంటే అతనికీ వాటి సంగతి తెలియదు. ఆ మాట విన్నాక నాకు కుదురు లేకపోయింది.

నా బడి చదువు ఐదో తరగతితో సరి. బూన్ లే దగ్గర వర్క్‌షాపులో పనిచేసిన కాలం నుంచీ, సెలవు దొరికితే నా కాళ్లు లైబ్రరీకే పోతాయి. ఈసారి ఎలుగుబంట్ల మీద దొరికినవన్నీ చదివి, ఆదివారం తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో తల్లీ కొడుకులూ, అతని హైదరాబాదీ స్నేహితుడూ, నేనూ కూర్చున్నప్పుడు మొదలుపెట్టాను.

"వేటలో చప్పుడు చేయవు, గాలికి ఎదురు నడుస్తావు. నువ్వొస్తున్నట్టు దానికి తెలీదు. దగ్గరికొచ్చాక ఉలిక్కిపడి మీద పడుతుంది. ఎలుగుబంటి మొహాన కొట్టే కారం స్ప్రే విమానం ఎక్కనివ్వరు, అక్కడే కొనుక్కో. సంచిలో కాదు, నడుముకు పెట్టుకో."

"ఓకే అంకుల్."

"దుప్పి పడ్డాకే అసలు గండం. నెత్తురు వాసనకి అది వస్తుంది. కోసిన మాంసం పేగుల కుప్పకి దూరంగా, నాలుగు వైపులా కనబడే చోట పెట్టండి. ఒక్క విడతలో మోయలేరు కదా. మళ్లీ వచ్చేటప్పుడు ముందు దూరం నుంచి చూడండి, గట్టిగా మాట్లాడుకుంటూ రండి. అది మాంసం పట్టుకుని కూర్చుంటే వదిలేయండి, దాంతో పేచీ వద్దు."

అప్పుడు నవ్వాడు. "పరేషాన్ కావొద్దు అంకుల్. మాంసం పక్కన నా సంచి పెట్టి పోతా. చోప్ చేసినట్టు."

చోప్ అంటే ఇక్కడ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి పోవడం. ఆ చోట మరొకరు కూర్చోరు. మేము కూర్చున్న బల్లా అలా పట్టిందే. అందరూ వేళాకోళం అనుకున్నారు. నేను అనుకోలేదు. బల్ల మీద ల్యాప్‌టాప్ వదిలి కాఫీకి పోయే మనిషి, సామాను వదిలిపోవడం చేతికి అలవాటైపోయినవాడు.

"మరి స్ప్రే ఎక్కడుంటుంది?" అన్నాను.

"సంచిల..." అని ఆగిపోయాడు.

స్నేహితుడు అందుకున్నాడు. "అంకుల్ పార్కుల అడవిపందిని చూసి చెప్పులు వదిలి ఉరికిండు. ఇప్పుడు గ్రిజ్లీకి ట్యూషన్ చెప్తుండు."

మళ్లీ నవ్వులు. పంది పక్కన పిల్లలున్నాయి, నేను చేసిందే సరైన పని. అది ఎవరికి చెప్పను? వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు. "భాయ్‌సాబ్, ఆ స్ప్రే సంగతి ఇంకోసారి చెప్పండి," అంది.

అతను వెళ్లాక రోజూ మెసేజ్ పెట్టాను, చెప్పినవే మళ్లీ చెబుతూ. నీలం టిక్కులు పడేవి, జవాబు ఉండేది కాదు. కొన్నాళ్లకు టిక్కులూ ఆగాయి. ఆమె వరండాలో బట్టలు ఆరేస్తూ, "మీకేమన్నా రాసిండా?" అని అడిగేది. కొండల్లో సిగ్నల్ ఉండదమ్మా అనేవాణ్ణి. అది కూడా చదివిందే, కానీ ఆ మాట నాకే ధైర్యం ఇచ్చేది కాదు.

చివరికి ఒక మధ్యాహ్నం జవాబొచ్చింది.

"సలాం అంకుల్. రెండో విడత మాంసం కోసం పోతుంటే దాని మీద గ్రిజ్లీ కూర్చొని ఉండె. మాట్లాడుకుంటనే పోయినం, దూరం నుంచే చూసినం. నడుముకున్న స్ప్రే చేతిలకు తీసుకొని మెల్లగ వెనక్కి వచ్చేసినం. ఇద్దరం బాగున్నం. నవ్వినందుకు సారీ. అమ్మీకి మాత్రం గ్రిజ్లీ సంగతి వద్దు, వేటల ఏం దొరకలేదని చెప్పండి."