గోనెపట్టా కింద ఓవర్‌క్లాకింగ్

మా కుర్రకాలంలో కంప్యూటర్ కొన్నవాడు డబ్బున్నవాడు, విడిభాగాలు తెచ్చి సొంతంగా బిగించుకున్నవాడు శాస్త్రవేత్త. నేను రెండో రకం. విజయవాడ నుంచి ఆర్టీసీ బస్సులో పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చిన సామానంతా డబ్బాలో బిగించి, స్విచ్ నొక్కగానే లైటు వెలిగిన సాయంత్రం, నూజివీడు నుంచి ముసునూరు దాకా ఉన్న మామిడిచెట్లన్నీ నాకు తలలు వంచాయని ఇప్పటికీ నా నమ్మకం. (కాయల బరువుకు వంగాయని గిట్టనివాళ్లు అంటారు.) బిగించగా గుప్పెడు స్క్రూలు మిగిలాయి. అవి లేకుండానే పనిచేస్తోందంటే, దాన్ని తయారుచేసిన కంపెనీవాళ్లు ఎంత దుబారా మనుషులో చూడండి.

అంతటి మేధావిని మా చర్చి పాస్టరమ్మగారు ఊరికే వదులుతారా? వేసవి సెలవుల్లో పిల్లలకు బైబిల్ కథలూ పాటలూ నేర్పే వీబీఎస్‌ను కెమెరాతో తీయించి, ముగింపు రోజు సాయంత్రం చర్చిలో టీవీ పెట్టి చూపిద్దామన్నారు. ముక్కలన్నీ అతికించి సీడీ చేసే పని నాది. నేను ఒప్పుకుని ఊరుకోలేదు, మైకు పుచ్చుకుని మరీ ప్రకటించాను. ఆగిరిపల్లి తోటల్లో కాయకోతకు వెళ్లే తల్లిదండ్రులు కూడా ఆ రోజు పెందలాడే పని దిగి వస్తామన్నారు. అందరికంటే చిన్న తరగతి పిల్లలైతే దారిలో కనబడినప్పుడల్లా నా చొక్కా పట్టుకుని, "అన్నా, నేను టీవీలో పడ్డానా?" అని అడిగేవారు. పుట్టి బుద్ధెరిగాక వాళ్లు తమను తాము టీవీలో చూసుకోవడం అదే మొదటిసారి మరి.

తీరా ఆ రోజు పొద్దున అతికించిన పాటలన్నీ సీడీకి ఎక్కేలా తయారుచెయ్యమని ఆజ్ఞాపిస్తే, నా కంప్యూటర్ కాసేపు లెక్కలు వేసుకుని, మీటింగు ముగిసి జనం ఇళ్లకెళ్లి పడుకున్నాక ఇస్తానంది. నేను కంగారుపడలేదు. ప్రాసెసర్‌ను కంపెనీవాడు పెట్టిన వేగం కంటే జోరుగా పరిగెత్తించే ఓవర్‌క్లాకింగ్ విద్య నాకు తెలుసు. సురక్షితంగా ఎలా చెయ్యాలో నెట్ సెంటర్లో చదివి దండకంలా బట్టీపట్టాను: వేగం కొంచెం కొంచెంగా పెంచాలి, పెంచిన ప్రతిసారీ బరువైన పని చెప్పి పరీక్షించాలి, వేడి హద్దు దాటకుండా కనిపెట్టాలి, గాలి ధారాళంగా ఆడాలి. అక్షరం పొల్లుపోకుండా పాటించాను. డబ్బా పక్క రేకు ఊడదీశాను. ఎదురుగా టేబుల్ ఫ్యాను నిలబెట్టాను. రాకెట్టు వదిలేవాళ్లు కూడా అన్ని జాగ్రత్తలు తీసుకుని ఉండరు. నేను మరిచిపోయిందల్లా ఒక్కటే, ఆ ఇంట్లో మా అమ్మ కూడా ఉంటుందని.

కాయల సీజన్ వచ్చిందంటే నా ప్రయోగశాలే మా ఇంట్లో మామిడికాయలు మగ్గవేసే గది. పాటలు ఒక్కొక్కటే గుర్రాల్లా పరిగెత్తుకొస్తుంటే మురిసిపోయి, పొద్దు వాలాక టీవీ సర్దడానికి గోడ అవతలి చర్చికి వెళ్లాను. తిరిగొచ్చి చూద్దును కదా, కంప్యూటర్ లేదు. దాని స్థానంలో గోనెపట్టా కప్పిన చిన్నసైజు కొండ ఉంది. పట్టా లేపితే వరిగడ్డి, గడ్డి కింద చిన్నరసాలు, రసాల మధ్య ఊపిరాడక బిగుసుకుపోయిన నా డబ్బా. టేబుల్ ఫ్యాను వసారాలో బియ్యం ఏరుతున్న మా అమ్మకు విసురుతోంది.

"ఇదేంటమ్మా?" అన్నాను, ఏడుపు గొంతుతో.

"దాంట్లోంచి వేడంతా ఊరికే పోతోంది కదరా. కాయలకైనా పనికొస్తుందని చుట్టూ పేర్చాను."

"మరి గోనెపట్టా ఎందుకు కప్పావు?"

అమ్మ బియ్యం ఏరడం ఆపి నాకేసి జాలిగా చూసింది. "కప్పకపోతే ఎలా మగ్గుతాయిరా, తింగరోడా?"

గడ్డి దులిపి, నోటితో ఊది, వేగాన్ని బుద్ధిగా కంపెనీవాడి లెక్కకే దించి మళ్లీ నడిపించాను. ముందు తయారైన పాటలు క్షేమం. మిగిలింది ఒక్కటే, చిన్న తరగతి పిల్లల పాట. అది మాత్రం మీటింగు ముగిసిన చాలాసేపటికి గానీ అవ్వదట. పరుగున వెళ్లి పాస్టరమ్మగారి చెవిలో సంగతి చెప్పి, ఆ ఒక్కటీ వదిలేద్దామండీ అన్నాను. ఆవిడ ముందు వరసలో కొత్త బట్టలు వేసుకుని కూర్చున్న ఆ పిల్లల్ని చూశారు.

"వాళ్లని వదిలేస్తే ఎలా బాబూ? నువ్వు వెళ్లి దాని పని చూడు. ఇక్కడి సంగతి నేను చూస్తాను."

చూశారు. మా చర్చిలో నాన్‌స్టాప్ తాతగారని ఒక పెద్దాయన ఉండేవారు. ప్రార్థన మొదలుపెడితే బస్సు మధ్యలో ఎక్కడా ఆగదని ఆ పేరు. ఆయన చేతికి మైకు చిక్కకుండా చూడటం పాస్టరమ్మగారి ముఖ్య విధుల్లో ఒకటి. అలాంటావిడ ఆ సాయంత్రం లేచి, "టీవీ చూసేముందు తాతగారు ప్రార్థన చేస్తారు. తాతగారూ, ఇవాళ తొందరపడొద్దండీ," అన్నారు.

ఆ మాట ఆయనతో అంతవరకు ఎవరూ అని ఉండరు. గొంతు సవరించుకున్నారు. నా గదిలోకి లౌడ్‌స్పీకర్ మోత స్పష్టంగా వినబడుతోంది. తెర మీద పని ఎంతయ్యిందో చూపే గీత నత్తలా కదులుతుంటే, "మొన్నటి గాలివానకు రాలిన కాయలను జ్ఞాపకం చేసుకో తండ్రీ" అంటూ తాతగారు తోట తోటకీ వెళ్లారు. గీత సగానికి వచ్చేసరికి ఆయన రాష్ట్రం దాటారు. పాటలు సీడీకి ఎక్కడం మొదలయ్యేసరికి సముద్రాల మీద ప్రయాణించేవారి దగ్గరున్నారు. నేను సీడీ పట్టుకుని గుమ్మంలో ఆయాసపడుతూ నిలబడ్డాక, పాస్టరమ్మగారు గట్టిగా "ఆమేన్" అన్నారు. జనం ఇంకా గట్టిగా అన్నారు.

చివరి పాట వచ్చింది. నా చొక్కా పట్టుకుని అడిగిన పిల్లల్లో ఒకడు తెర మీద తనను చూసుకుని సిగ్గుతో వాళ్లమ్మ కొంగులో దూరి, ఒక కన్ను మాత్రం బయట పెట్టాడు. బయటికొచ్చాక జనం నా కంప్యూటర్ భలే స్పీడని మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

ఇప్పటి ప్రాసెసర్లు పని పడితే వాటంతటవే జోరు పెంచి, వేడెక్కితే వాటంతటవే తగ్గుతాయట. జుట్టు నెరిసినా ఆ బుద్ధి నాకింకా అబ్బలేదు. సాయంత్రానికి అవుతుందా అని ఎవరైనా అడిగితే, మధ్యాహ్నానికే ఇచ్చేస్తానండీ అంటాను. అని, ఆ తర్వాత, తీరిగ్గా ప్రార్థన చేసే పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా అని చుట్టూ చూస్తాను.