జాకెట్టు ముక్కల పరికిణీ

ఆ రోజుల్లో శనివారం మధ్యాహ్నం రెండు గంటలైతే మా ఇంట్లో నన్నెవరూ పలకరించకూడదు. అది నేను పెట్టిన చట్టం. కేబుల్లో ఏదో విదేశీ ఛానెల్లో కుట్టుపోటీ వచ్చేది. పదిమంది మనుషులు, పది మిషన్లు, గోడ మీద పెద్ద గడియారం. ఇంత గుడ్డ ఇచ్చి, ఇన్ని గంటల్లో ఏదైనా కుట్టి చూపించమనేవాళ్లు. మా ఆయన క్రికెట్ మ్యాచ్‌లో చివరి ఓవర్ ఎలా చూస్తారో, నేను అక్కడ జిప్పు కుట్టడం అలా చూసేదాన్ని. "గుడ్డ తిరగేసి పెట్టావే తల్లీ, చూసుకో!" అని టీవీకి అరిచి మరీ చెప్పేదాన్ని. పాపం, తెలుగు రాకపోబట్టి ఆవిడ ఓడిపోయేది.

ఢిల్లీలో సాకేత్ దగ్గర గవర్నమెంటు క్వార్టర్లలో మాది రెండో అంతస్తు. మా ఆయనది మంత్రిత్వశాఖలో ఉద్యోగం. మాకు ఒక్కతే కూతురు, అప్పటికి పన్నెండేళ్లు. మేం తెలుగులో అడిగితే తను హిందీలో జవాబు చెప్పేది. కింది ఇంట్లో పంజాబీ ఆంటీ ఉండేది. ముగ్గురు కూతుళ్ల బట్టలూ తన చేత్తోనే కుట్టి పెంచిన మనిషి. వాళ్ల కేబుల్ సరిగ్గా రాదని శనివారం మా ఇంటికొచ్చి నాతోపాటు పోటీ చూసేది. నా ఉత్సాహం చూసి తన పాత తొక్కుడు మిషను పైకి పంపించేసింది. ఇక నా కాళ్లు నేల మీద ఆగితే ఒట్టు. మిషను పెడల్ మీదే ఉండేవి.

ఆంటీకి టీవీ జడ్జీ అలవాటు ఒకటి పట్టుకుంది. నేనేం కుట్టి చూపించినా పైన చూసేది కాదు. "ఉల్టా దిఖావో" అనేది. తిరగేసి లోపలి కుట్లు చూపించాలన్న మాట. కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని ఒక్కొక్క కుట్టూ చూసి, "టేఢా హై" అని తేల్చేసేది. వంకరగా ఉందట! ఎంత కోపం వచ్చేదో. విప్పేదాన్ని, మళ్లీ కుట్టేదాన్ని.

ఒక వారం పోటీలో కర్టెన్లు ఇచ్చి గౌన్లు కుట్టమన్నారు. ఇంకేం కావాలి నాకు? మా హాల్లో రెండు కర్టెన్లున్నాయి, పసుపుపచ్చ గుడ్డ మీద పెద్ద పెద్ద ఆకులు. ఒకటి దించేసి అమ్మాయికి పుట్టినరోజు ఫ్రాకు కుట్టాను. నిజంగా బాగా వచ్చింది. అమ్మాయి కూడా మురిసిపోయి వేసుకుని, స్నేహితుల్ని ఇంటికి పిలుచుకుంది. నా బుర్ర ఎక్కడ పెట్టానో గానీ, రెండో కర్టెన్ కిటికీకి అలాగే వేలాడుతోంది. పిల్ల సరిగ్గా దాని పక్కనే నిలబడి కేకు కోసింది. పిల్లలందరూ ఒకసారి కిటికీ వైపు, ఒకసారి ఫ్రాకు వైపు చూశారు. తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. స్కూల్లో నెల్లాళ్లు పిల్లని "పర్దా" అని పిలిచారు.

"మమ్మీ, ఇక నువ్వు కుట్టింది నేను ఎప్పుడూ వేసుకోను" అని హిందీలో తెగేసి చెప్పేసింది. తల కొట్టేసినట్టయింది నాకు. ఆ రోజు నుంచి నా కుట్టుపనికంతటికీ ఒక్కటే గురి. దానితో మళ్లీ నా చేతి బట్ట వేయించాలి. ఊరంతా మెచ్చుకోనీ, ఆంటీ శభాష్ అననీ, ఈ పిల్ల వేసుకోకపోతే నేను ఓడిపోయినట్టే.

దారి మా ఇంట్లోనే దొరికింది. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లకి బొట్టు పెట్టి, తాంబూలంలో జాకెట్టు ముక్క ఇస్తాం కదా. ఆ ముక్కల్ని ఎవరైనా కుట్టించుకోగా చూశారా? ఢిల్లీలో మా తెలుగువాళ్లమంతా వాటిని భద్రంగా పెట్టెలో దాచి, వచ్చే పేరంటంలో ఇంకొకరి చేతిలో పెట్టేవాళ్లం. వాళ్లు మరొకరికి. నేనిచ్చిన వంకాయరంగు ముక్క మూడేళ్లు క్వార్టర్లన్నీ తిరిగి, మడత కూడా చెదరకుండా మళ్లీ నా చేతికే వచ్చింది. అలాంటివి మా ట్రంకుపెట్టెలో ఇరవైకి పైగా పడున్నాయి. నెమలికంఠం, చిలకాకుపచ్చ, మిరపపండు ఎరుపు, అంచున్నవి, పువ్వులున్నవి. ఒక్కటి దేనికీ చాలదు. అన్నీ కలిస్తే?

పరికిణీ! ఆ ఆలోచన వచ్చిన మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. ముక్కలన్నీ మంచం మీద పరిచి, రంగు పక్కన రంగు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, పైన సన్నంగా కింద వెడల్పుగా పలకలు కోశాను. కత్తెర కరకరా సాగుతుంటే ఒళ్లు పులకరించింది. రెండు వారాల్లో పరికిణీ నిలబడింది. ఆంటీ తిరగేసి చూసి, మొదటిసారి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే అది పెద్ద బహుమతి.

అడుగు అంచు మడిచి కుట్టడం ఒక్కటే మిగిలింది. పొడవు కొలుద్దామని అమ్మాయిని పిలిచాను. అది గుమ్మంలోనే ఆగిపోయి చూసింది. కళ్లు ఒక్క క్షణం మెరిశాయి, నేను చూశాను. వెంటనే కర్టెన్ గుర్తొచ్చినట్టుంది.

"నై మమ్మీ. వేసుకోను."

"ఒక్కసారి నడుముకి పెట్టుకో చాలు, కొలత తీసుకుంటా."

"నేను చెప్పాను కదా!"

నాకు ముక్కు మీదే కోపం. "వేసుకోకు పో" అని పరికిణీ ఉండచుట్టి అలమారలో పడేశాను. అంచు కుట్టనే లేదు.

ఈ గొడవలో పడి నేను చేసిన ఘనకార్యం శ్రావణమాసంలో బయటపడింది. వరలక్ష్మీ వ్రతం రోజు మధ్యాహ్నం తాంబూలాలు సర్దుకుందామని ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున పరిచిన న్యూస్ పేపరు తప్ప ఏమీ లేదు. సాయంత్రం ఐదున్నరకి పన్నెండు మందిని పేరంటానికి పిలిచాను. ఇవ్వడానికి ఒక్క జాకెట్టు ముక్క లేదు, అన్నీ పరికిణీలో ఉన్నాయి. కొనుక్కొద్దామంటే బయట కుండపోత, రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. మూడు కావస్తోంది. అప్పుడే స్కూల్ బస్సు దిగి తడిసి ముద్దయి వచ్చిన అమ్మాయి, కూలబడిన నన్ను చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. అది గడియారం వైపు చూసింది.

"మిగిలిన ముక్కలున్నాయా?" అంది హిందీలో. "టీవీలో అయితే ఏం చేస్తారు?"

అంతే! కత్తిరింపుల మూట నేల మీద కుమ్మరించాను. తాంబూలం పట్టేంత చిన్న చిన్న సంచులు, మూతి దగ్గర లాగి ముడేసే తాడు. పన్నెండు సంచులు, ఒక గంట. అమ్మాయి గడియారం దించి మిషను పక్కన పెట్టింది. నేను తొక్కుతుంటే అది తిరగేసేది. దానికి సూదిలో ఎర్రదారం ఎక్కించి ఇచ్చి, మూతి మడిచి కుట్టడం ఒక్కసారి చూపించాను. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది, నోట్లో పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. "ఇంకా పదిహేను నిమిషాలు!" అని అరిచింది. "ఐదు!" అంది. నా జన్మలో అంత సంబరంగా ఏ పనీ చేయలేదు. పన్నెండో సంచికి తాడు లాగేసరికి ఇద్దరం నేల మీద వెల్లకిలా పడి పగలబడి నవ్వాం.

తర్వాత నేను స్నానానికి, కలశం దగ్గరికి పరుగు. అది తన గదిలోకెళ్లి తలుపేసుకుంది. అలిసిపోయి పడుకుందేమో అనుకున్నాను.

వాన తెరిపిచ్చింది. అదే క్వార్టర్ల వాళ్లు కాబట్టి అందరూ చీరలు ఎత్తి పట్టుకుని వచ్చేశారు. ఆంటీ కూడా వచ్చింది. హారతి అయింది. పసుపు రాస్తున్నాను. గది తలుపు తెరుచుకుంది.

పరికిణీలో వచ్చింది నా కూతురు. ఇంద్రధనుస్సు నడిచొచ్చినట్టుంది. పసుపు గిన్నె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"అబ్బ! ఎంత బావుందో!" అన్నారెవరో. వెంటనే ఇంకొకావిడ ముందుకి వంగి, "ఈ నెమలికంఠం ముక్క నేను పోయినేడు మీకిచ్చిందే కదండీ?" అంది. పక్కావిడ ఊరుకుందా? "అదెలా? అంతకుముందేడు దాన్ని మీకిచ్చింది నేనూ!" నా ముఖాన నెత్తుటి చుక్క లేదు. ఎవరో కిసుక్కున నవ్వారు, అంతే, అందరూ పరికిణీ చుట్టూ మూగి ఎవరి ముక్క వాళ్లు వెతుక్కోవడం మొదలుపెట్టారు. అమ్మాయి సిగ్గుపడుతూ గుండ్రంగా తిరిగి మరీ చూపించింది.

ఇంతలో ఆంటీ కళ్లజోడు జార్చుకుంది. "ఉల్టా దిఖావో."

అడుగు అంచు తిరగేసింది. నేను కుట్టకుండా వదిలేసిన అంచు అది. ఇప్పుడు చుట్టూరా ఎర్రదారంతో కుట్టుంది. ఒక కుట్టు వేలెడంత, ఒకటి గోరంత, కొన్నిచోట్ల పైకి పోయి కిందికి దిగింది.

"అరే, ఇతనా టేఢా!" అంది ఆంటీ, ఇంత వంకరా అని నా వైపు చూసి. ఐదు నెలలు నేర్పించిన గురువు ఆవిడ.

అమ్మాయి తల దించుకుంది. చేతివేళ్లు వెనక్కి దాచుకుంది.

"తొందర్లో కుట్టాను ఆంటీ" అన్నాను. "తప్పు నాదే."

అమ్మాయి చటుక్కున తలెత్తి నా వైపు చూసింది. పన్నెండు సంచులూ తనే తెచ్చి ఒక్కొక్కరి చేతిలో పెట్టింది.

మర్నాడు శనివారం. పోటీ మొదలయ్యే లోపల ఆ అంచు విప్పేసి చక్కగా మిషను మీద కుట్టేద్దామని పరికిణీ తీశాను. అమ్మాయి పరుగున వచ్చి నా చేతిలోంచి లాక్కుంది.

"విప్పావంటే ఇక వేసుకోను" అంది.