నాయన ఎక్స్‌రేలో తెల్లని మచ్చ

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. మార్కాపురంలో ఒక చిన్న ఎక్స్‌రే కేంద్రంలో టెక్నీషియన్‌గా చేరిన ఏడాదికే, మా నాయనను ఆ యంత్రం ముందు నిలబెట్టవలసి వచ్చింది. ఆయన తర్లుపాడు వైపు పలకల గనుల్లో బతుకంతా రాయి చీల్చారు. అదే పని చేసిన మా పెదనాయన పొడిదగ్గుతో మొదలై, చివరికి ఊపిరి అందక పోయారు. నెల రోజులుగా నాయనకూ అదే దగ్గు.

ఆయన భయం మాత్రం నా గురించి.

"బిడ్డా, ఆ కిరణం ఈ గదిలోనే ఉండిపోతాదా? రోజూ నీకు తగుల్తా ఉంటాదేమో."

"ఉండదు నాయనా. గొట్టంలో సన్నని తీగ కాగి ఎలక్ట్రాన్లను వదులుతుంది. వేల వోల్టుల కరెంటు వాటిని లాగి టంగ్‌స్టన్ బిళ్లకు కొడుతుంది. ఆ దెబ్బకు పుట్టేది దాదాపు అంతా వేడే, రవ్వంత మాత్రం ఎక్స్‌రే. బటన్ వదిలితే అదీ ఆగిపోతుంది."

"సుత్తి దెబ్బకు నిప్పురవ్వ లేచినట్ల."

"అట్లాంటిదే."

ఆయన చొక్కా విప్పుతుంటే నేను ముఖం తిప్పుకున్నాను. వేరే వాళ్లయితే మెడలో కిరణానికి అడ్డొచ్చేదేమైనా ఉందేమో స్వయంగా చూసేదాన్ని. నాయనను అడిగి ఊరుకున్నాను.

"ఏం అడ్డం లేదు లేమ్మా," అన్నారు.

ఎలా నిలబడాలో మాటలతోనే చెప్పి, పక్క గదిలోకి వెళ్లి బటన్ నొక్కాను. గాలి నిండిన ఊపిరితిత్తులు కిరణాలను దాటనిస్తాయి, అందుకే నల్లగా కనిపిస్తాయి. అడ్డుకున్నది తెల్లగా పడుతుంది. తెర మీద కుడి ఊపిరితిత్తిలో, చింతగింజంత మచ్చ తెల్లగా ఉంది, అంచులు మసకగా. చదివిన రోగాల పేర్లన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

లోపలికి వెళ్లేసరికి ఆయన ఇంకా ఛాతీ పలకకు ఆనించి, గడ్డం ఎత్తి, ఊపిరి బిగబట్టే ఉన్నారు.

"ఇంక వదలొచ్చా బిడ్డా?" అంటూనే దగ్గు తెరలో వంగిపోయారు.

అప్పుడు చూశాను. వీపు మీద నల్లదారం, దానికి బట్టలో కుట్టిన విభూతి తాయెత్తు.

"ఇదేంది నాయనా?"

"ఒంటి మీంచి తీయొద్దని మీ అమ్మ ఒట్టు పెట్టింది. నువ్వు ఛాతీ ఫొటో అన్నావు గదా, వీపుకు తిప్పుకున్నా."

"కిరణం వీపు వైపు నుంచే వస్తుంది నాయనా!"

డాక్టరు గారికి చెప్పి మళ్లీ తీశాను. తాయెత్తును ఆయన గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు. మచ్చ లేదు. నవ్వబోయాను. ఆ నవ్వు పెదవి దాటకముందే రెండు ఊపిరితిత్తుల పైభాగాల్లో రాతి దుమ్ము చల్లినట్టున్న సన్నని తెల్ల నలుసులు కనిపించాయి. మొదటి చిత్రాన్ని మళ్లీ తెరిచాను. అందులోనూ ఉన్నాయి. పెద్ద మచ్చ మీదే చూపు పెట్టి వాటిని నేను చూడలేదు.

"ఏందమ్మా, మచ్చ పోయిందా?"

"పోయింది నాయనా."

ఆయన తాయెత్తును ఈసారి ఛాతీ మీదికే వచ్చేలా కట్టుకుంటున్నారు. నేను డాక్టరు గారి గది తలుపు తట్టాను.