సాయన్న చెప్పని చిరునామా

మా చర్చి సంఘంలో నేను చెప్పిన సాక్ష్యం ఇప్పటికీ కొందరికి గుర్తుంది. సంగారెడ్డి జైల్లో ఒక హంతకుడి మనసు మారిందనీ, అతను రాత్రింబగళ్లు దేవుణ్ని వేడుకుంటున్నాడనీ చెప్పాను. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అందులో పెద్ద పొరపాటు ఉందని కొద్ది నెలలకే నాకు తెలిసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పైగా ఒక పెద్దాయనకు అబద్ధం చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత ఇది రాస్తున్నది అందుకే.

ఇంకో మాట. దయ్యాలను నేను నమ్మను, అప్పుడూ నమ్మలేదు. లేత్ మిషన్ మీద పనిచేసేవాణ్ని, కొలిచి చూసుకున్నదే ఒప్పుకునే అలవాటు. ఇక్కడ చెప్పబోయేది చీకట్లో జరగలేదు, ఒంటరిగా ఉన్నప్పుడూ జరగలేదు. ఆదివారం పొద్దున పదిన్నరకి, ముప్పై నలభై మంది మధ్య జరిగింది.

అరవైల్లో తెనాలి వైపు నుంచి సంగారెడ్డి దగ్గరి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చాను. అప్పటికి పేరుకే క్రైస్తవుణ్ని. క్వార్టర్లలో మావాళ్లు కొందరు కలిసి ప్రార్థన పెట్టుకునేవారు. వంటకి బద్ధకమేసి, ప్రార్థన అయ్యాక పెట్టే ఉప్మా కోసం వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడే దానియేలు పంతులు గారు పరిచయమయ్యారు. మెదక్ వైపు మనిషి, రిటైరైన బడిపంతులు. నెలకి రెండు ఆదివారాలు సంగారెడ్డి జైలుకి వెళ్లి ఖైదీలతో పాటలు పాడించి, వాక్యం చెప్పి వచ్చేవారు.

"ఏమయ్యా ప్రకాశం, ఉప్మా తిన్నంత సేపు పట్టదు, జైలుకు రారాదు?" అన్నారు ఒకరోజు. సిగ్గేసి వెళ్లాను.

జైలు లోపల రేకుల పందిరి కింద కూటం జరిగేది. పంతులు గారు పాట ఎత్తుకుంటే, నేను ఒక్కొక్క ఖైదీ దగ్గర కూర్చుని ప్రార్థన మనవులు అడిగి రాసుకునేవాణ్ని. దానికోసం ఒక చిన్న పుస్తకం పెట్టాను. ప్రతి పేజీ పైన తేదీ, ఆ రోజు చదివిన వాక్యం, కింద మనవులు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

సాయన్న కర్దనూరు మనిషి, వ్యవసాయ కూలీ. పొలం నీళ్ల దగ్గర తగాదాలో పార ఎత్తి కొడితే అవతలి మనిషి చచ్చిపోయాడు. ఏడేళ్ల శిక్ష. భార్య అంతకుముందే పోయింది. ఎనిమిదేళ్ల కూతురు బాలమణిని తన అక్కకి అప్పగించి జైలుకి వచ్చాడు. ఏడాది తిరక్కుండానే ఆ అక్క జ్వరంతో పోయిందనీ, పిల్ల ఏమైందో ఊళ్లో ఎవరికీ తెలియదనీ అతనికి కబురందింది.

ఇదంతా చెప్పి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా బిడ్డను జెర దేవులాడుండ్రి సారూ" అన్నాడు.

దేవులాడటం అంటే మా వైపు దీనంగా అడుక్కోవడం. అందులో దేవుడి పేరు కూడా వినిపిస్తోంది. బిడ్డ కోసం దేవుణ్ని బతిమాలమంటున్నాడని అర్థం చేసుకున్నాను. "తప్పకుండా సాయన్నా, రోజూ" అన్నాను.

"రోజానా?" అతని కళ్లు పెద్దవయ్యాయి.

"పొద్దునా సాయంత్రం రెండు పూటలా."

"ఏడేడ సారూ?"

"ఇంట్లో, గుళ్లో. డ్యూటీకి పోతూ సైకిల్ మీద కూడా."

"సైకిల్ మీద గూడ దేవులాడుతవా! నీ కాల్మొక్కుత సారూ." వంగబోతుంటే నేనే ఆపాను.

మాట ఇచ్చినట్టే చేశాను. అంతకుముందు నేను ఎవరి కోసమూ అంతగా ప్రార్థించలేదు. నా విశ్వాసం నిజంగా పెరిగింది ఆ పిల్ల వల్లే. సాయన్న ప్రతిసారీ "ఏమన్న తెలిసిందా సారూ?" అనేవాడు. "ఓపిక పట్టు, జవాబు తప్పకుండా వస్తుంది" అనేవాణ్ని. నా మీద గౌరవంతో అతను కూటానికి ముందే వచ్చి, గోడ పక్కన ఒకే చోట కూర్చుని, నోరు తిరగకపోయినా పాటలు నేర్చుకున్నాడు. మా సంఘంలో నేను చెప్పిన సాక్ష్యం ఇదే.

ఆ మరుసటి ఏడు వానాకాలం చివర ఒక ఆదివారం. వాన వెలిసి పందిరి కింద బురదగా ఉంది. నా పెన్సిల్ ముక్క విరిగితే పంతులు గారి దగ్గర ఇంకోటి తీసుకున్నాను. సాయన్న ఎప్పటి చోటే కూర్చుని ఉన్నాడు. పలకరిస్తే నవ్వలేదు. మెల్లగా, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు. బడిలో పంతులు చెబితే రాసుకున్నట్టు రాసుకున్నాను. అది చూసే ఇక్కడ దించుతున్నాను: "పాశమైలారం. గాజుల మల్లవ్వ ఇల్లు. ముంగట ఇరిగిన కచ్చురం. బిడ్డ ఈడనే ఉన్నది."

కచ్చురం అనే మాట నేను అంతకుముందు వినలేదు. ఆ ఇంట్లో ఎవరో ముసలావిడ పేరనీ, పాపం కాలో చెయ్యో విరిగిందనీ అనుకున్నాను. ఆ వారమంతా కచ్చురం గారి స్వస్థత కోసం కూడా ప్రార్థించాను.

పై వారం మా వంతు కాకపోయినా, ఆ ముసలావిడకి ఎలా ఉందో అడుగుదామని పంతులు గారిని తీసుకుని వెళ్లాను. సాయన్న లేడు. గేటు దగ్గర వార్డరు ఖాసిం సాబ్‌ని అడిగాను.

"సాయన్ననా? హైదరాబాద్ పెద్ద జైలుకు తీస్కపోయిన్రు గద సాబ్, బేస్తారం నాడు."

"మొన్న గురువారమా?"

"కాదు, అంతకు ముంగటిది."

అంటే, నేను అతనితో మాట్లాడిన ఆదివారానికి మూడు రోజుల ముందు. పొరపాటు పడుతున్నారన్నాను. ఖాసిం సాబ్ విసుక్కోకుండా రిజిస్టరు తెచ్చి చూపించాడు. గురువారం పేజీలో సాయన్న వేలిముద్ర ఉంది. ఆదివారం పేజీలో నా సంతకం, పంతులు గారి సంతకం ఉన్నాయి.

"ఎవలితోని మాట్లాడినవో ఏమో సాబ్. మా జైల్ల మనుషులు బయటికి పోవుడే గాదు, లోపటికి వచ్చుడు గూడ గంత అల్కగ కాదు" అని నవ్వాడు.

లోపల ఎప్పుడూ సాయన్న పక్కన కూర్చునే ఖైదీని అడిగాను. "నువ్వొక్కనివే కూసున్నవు సారూ. గోడ దిక్కు సూసుకుంట రాసుకుంటున్నవు. పాట రాస్తున్నవేమో అనుకున్న" అన్నాడు. పంతులు గారు కళ్లు మూసుకుని పాడుతున్నారు, ఆయన ఏమీ చూడలేదు.

తేదీలు కలగాపులగం చేశానేమో అని పుస్తకం తిరగేశాను. తేదీ ఉంది. ఆ రోజు చదివిన వాక్యం ఉంది. పంతులు గారి పెన్సిల్ ఊదారంగుది, ఆ పేజీలో సగం నుంచి కింద అంతా ఊదారంగే.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ పేజీ పంతులు గారికి చూపించాను. చదివి, "కచ్చురం అన్న మాట నీకెట్ల తెలుసయ్యా?" అన్నారు.

"ఆవిడ పేరు కదండీ?"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. "గూడు కట్టిన ఎడ్లబండయ్యా అది! బండికి ఇరిగిన కాలు అతకాలని ప్రార్థన చేసినవా?"

నవ్వు ఆగాక, సాయన్న అసలేం అడిగాడన్నారు. దేవులాడమన్నాడు, దేవులాడుతున్నానని చెప్పాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"దేవులాడుడంటే వెతుకుడు."

ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకుని మూశాను.

"ఏడాది సంది వాడు నువ్వు వెతుకుతున్నవనే అనుకున్నడు. మరి ఆ పిల్లను ఎవరు వెతుకుతున్నరు ప్రకాశం?"

అప్పుడే బస్సు ఇస్నాపూర్ చౌరస్తాలో ఆగింది. పాశమైలారం అక్కడి నుంచి రెండు మూడు మైళ్లు. "దిగుదామా?" అన్నారాయన. ఆ మధ్యాహ్నం నాకు డ్యూటీ ఉంది. రేపు సైకిల్ మీద వెళ్తానన్నాను.

వెళ్లలేదు. కారణం ఇన్నాళ్లూ నాకు నేనే రకరకాలుగా చెప్పుకున్నాను. నిజం ఇది. ఆ ఇల్లు అక్కడ లేకపోతే నాకు మతి తప్పిందన్నమాట. ఉంటే ఇంకా కష్టం, నాతో మాట్లాడింది ఎవరో సంఘానికి చెప్పాలి. దేవుడి పని అనాలా, సైతాను పని అనాలా? ఆ నెలలోనే జైలు కూటాల బాధ్యత నాకు అప్పగిస్తున్నారు. సాక్ష్యం తప్పని లేచి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

వారం తర్వాత పంతులు గారు అడిగితే, "వెళ్లొచ్చానండీ, అలాంటి ఇల్లేమీ లేదు" అన్నాను. ఆయన చాలాసేపు బాధపడ్డారు. రెండేళ్ల తర్వాత ఆయన చనిపోయారు, నా మాట నమ్మే చనిపోయారు. అన్నాళ్లూ, ఆ తర్వాతా, జైలుకి వెళ్లినప్పుడల్లా మా బస్సు ఇస్నాపూర్ చౌరస్తాలో ఆగేది. నేను కిటికీకి అవతలి వైపు కూర్చునేవాణ్ని.

ఆ ఆదివారానికి ఏడేళ్ల తర్వాత, పాశమైలారంలో ఫ్యాక్టరీలు వస్తాయన్న మాట వినపడటం మొదలైంది. నాతో పనిచేసే ఒకాయన అక్కడ అరెకరం కొందామని నన్ను తోడు రమ్మన్నాడు. రెండుసార్లు వంక చెప్పాను. మూడోసారి వెళ్లాను.

పొలం చూసి వస్తుంటే ఊరి మొదట్లో ఒక ఇంటి ముందు గూడుబండి కనిపించింది. ఒక చక్రం లేదు, దాని కింద కోళ్లు తిరుగుతున్నాయి. అరుగు మీద ఒకామె గాజుల మలారం సర్దుకుంటోంది. అరుగు దగ్గరికి వెళ్లాను.

"మల్లవ్వ అంటే..."

"నేనే. ఎవలు కావాలె నాయినా?"

బాలమణి పేరు చెప్పాను. ఆమె గాజులు పక్కన పెట్టింది.

"జల్దీ వచ్చినవు పో! వాళ్ల నాయిన రెండేండ్ల కిందనే వచ్చి తోల్కపోయిండు. ఏడాది పొడుగూత ఊరూరు తిరిగి దేవులాడుకున్నడట."

ఆమె ఊళ్లు తిరిగి గాజులమ్ముతుంది. బాలమణి మేనత్త పోయిన రోజున కర్దనూరులోనే ఉంది. సాయన్న చేతిలో చచ్చిపోయిన మనిషి తాలూకు వాళ్లు ఆ ఊళ్లోనే ఉన్నారు, పిల్లనేం చేస్తారోనని భయపడి ఎవరికీ చెప్పకుండా తీసుకొచ్చేసింది. ఆరేళ్లు పెంచింది.

"తండ్రి జైల్లో ఉన్నాడని పిల్లకి తెలియదా?"

"ఉరేసిన్రని చెప్పిన్రు నాయినా మాకు. పిల్ల ఏటేటా పెత్రమాస నాడు తండ్రి పేరు మీద బియ్యం ఇస్తుండె. ఇంత బెండకాయ, ఇంత సొరకాయ పెట్టి. బతికున్నోనికి ఆరేండ్లు ఇచ్చినం, పాపమో పుణ్యమో."

పోయిన పెద్దల పేరున బియ్యం, కూరగాయలు దానమిచ్చే అమావాస్య అది. బతుకమ్మ పండగకి ముందు వస్తుంది. ఇంటికొచ్చి పుస్తకం తీసి తేదీ చూశాను. మా ఫ్యాక్టరీలో ఒకాయన దగ్గర పాత పంచాంగాలుంటే అడిగి తీసుకున్నాను. నేను సాయన్నతో మాట్లాడిన ఆదివారం పెత్రమాస.

దీనికి అర్థమేమిటో నాకు తెలియదు. మా పాస్టరు గారు, ఇలాంటివి ఆలోచించకు అన్నారు. ఆలోచించకుండా ఉండలేకపోయాను. కూతురు ఇక్కడ బియ్యం ఇస్తుంటే, బతికి ఉన్న తండ్రి అక్కడ నా ఎదుట ఎందుకు కూర్చుంటాడు? కూర్చుంటే, హైదరాబాదు జైల్లో ఉన్నదెవరు?

తర్వాతి ఆదివారం కర్దనూరు వెళ్లాను. సాయన్న ఇంటి ముందు మంచం నులక బిగిస్తున్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి, నులక వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

"బాలమణీ, ఇట్రాయే! నీకు చెప్తుంటి సూడు, సైకిల్ మీద నిన్ను దేవులాడిన సారు, ఈ సారే!"

ఇరుగుపొరుగు కూడా వచ్చారు. బాలమణి ఆరు నెలల బిడ్డను చంకనెత్తుకుని వచ్చింది, నాకు మంచినీళ్లిచ్చింది. సాయన్న ఆగకుండా మాట్లాడుతున్నాడు. "నా పేరు మీద ఆరేండ్లు బియ్యమిచ్చిందట సారూ, అందుకే జైల్ల గింత గట్టిగున్న!" అని అందరినీ నవ్వించాడు.

ముందు ఆ ఆదివారం సంగతే అడిగాను. పుస్తకం తెరిచి చదివి వినిపించాను. "నేను చెప్పలే సారూ. అప్పుడు నాకు పాశమైలారమే ఎరుకలేదు, మల్లవ్వ ఎవలో ఎరుకలేదు. ఆ దినాలల్ల జరమొచ్చి పెద్ద జైలు దవాఖానల పడున్న. ఏం మాట్లాడిన్నో, ఏడ తిరిగిన్నో నాకే తెల్వదు" అన్నాడు.

అప్పుడు ఆ పేజీ మీద తేదీ ఎప్పటిదని బాలమణి అడిగింది. చెప్పాను. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. తండ్రి రావడానికి ఐదేళ్ల ముందు. తల ఎత్తి నా వైపు చూసింది.

లేచి నిలబడ్డాను. అందరూ వింటుండగానే చెప్పాను.

"సాయన్నా, నువ్వు మొదట అడిగింది నాకు అర్థం కాలేదు. అది తెలియక చేసింది. కానీ ఈ చిరునామా రాసుకున్నాక అర్థమైంది. అయినా వెళ్లలేదు. వెళ్లానని అబద్ధం చెప్పాను, నా పరువు కోసం. నేనొక్కరోజు సైకిల్ తొక్కి ఉంటే, అమ్మా బాలమణీ, మీ నాన్న బతికే ఉన్నాడని నీకు తెలిసేది. నేను నిన్ను ఒక్కరోజు కూడా వెతకలేదు. నన్ను క్షమించండి."