డ్రమ్ములో కళాయి

నా కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. తొమ్మిదేళ్ల వయసులో మా బ్యాండు సెట్టు సైడ్ డ్రమ్మును ఒకే ఒక్కసారి ముట్టుకున్నాను. నాయన ఆ డ్రమ్ము కర్రతోనే వేళ్ల మీద కొట్టాడు. "ఆడపిల్ల ముడితే తోలు సెడిపోతాది" అన్నాడు. తోలుకేం కాలేదు, నా వేలే చెడింది. ఎప్పటికైనా ఆ డ్రమ్ము నాదవ్వాలని ఆ రోజే అనుకున్నాను. పంతంలో నేనూ నాయన కూతుర్నే.

చిత్తూరులో మా ఇంట్లో ఆ డ్రమ్ముకు దేవుడికున్నంత మర్యాద. మామూలు సైడ్ డ్రమ్ముల కన్నా లోతెక్కువ, బరువెక్కువ. ఒళ్లంతా ఎర్రరంగు. కంపెనీ పేరు ఎక్కడా లేదు. మా తాతకు ఎవరో తెల్లదొర బహుమానంగా ఇచ్చాడనీ, మగవాళ్ల చేతుల్లోనే ఉండాలని చెప్పి మరీ ఇచ్చాడనీ ఇంట్లో కథ. తాత తర్వాత అది నాయన మెడకెక్కింది. నాయనకు కోపమొస్తే అమ్మ వీపు, అన్న వీపు, నా వీపు అన్నీ ఒకటే. అన్నా నేనూ మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకొని "కొట్టద్దు నాయనా" అని అరిచేవాళ్లం. డ్రమ్మును మాత్రం ఆయన తాళం తప్పకుండా కొట్టేవాడు.

పోయినేడు నాయన పోయాడు. కర్మ అయిన మర్నాడు డ్రమ్ము నాకిమ్మని అడిగితే అన్న నవ్వాడు.

"దొర మగోళ్లకు ఇచ్చిండేది. నీకెందుకే?"

"దొర ఇచ్చింది నువ్వు సూసినావా?"

"దొరది కాదని తేలితే నువ్వే ఎత్తుకపో. నేను అడ్డమొస్తే సెప్పుతో కొట్టు."

సరే కానీ అనుకున్నాను. నేనుండేది తిరుపతిలో. అక్కడ పాత వాయిద్యాలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. నేను చాచా అంటాను. ఆయన్ని బతిమాలి చిత్తూరుకు తీసుకొచ్చాను. చాచా డ్రమ్మును అరుగు మీద బోర్లించి, అడుగున ఉన్న సన్న తీగలు విప్పి, కింది తోలు తీసి, లోపలికి టార్చి వేశారు. గోటితో గీకి చూశారు. తల పక్కకు తిప్పి ఇంకోసారి చూశారు.

"రాగి రేకమ్మా ఇది. లోపల తెల్లగా ఉండేది కళాయి. మా అబ్బా, అదే మా నాయన, ఇంటింటికీ పోయి వంటపాత్రలకు కళాయి పూసేవాడు, నాకు బాగా తెలుసు. వండేదానికీ, నీళ్లు కాచేదానికీ పూస్తారు కళాయి. వాయించే డ్రమ్ముకెందుకు? ఇది నీళ్లు కాచే పెద్ద అండా. మూతీ అడుగూ కోసేసినారు, అంతే."

అన్న మొహం మాడిపోయింది. "మా తాత అబద్ధాలకోరా?" అంటూ చాచా చొక్కా పట్టి లేపి చెంప పగలగొట్టాడు. పెద్దాయన పెదవి చిట్లి తెల్లటి గడ్డం మీదికి రక్తం కారింది. నేను మధ్యలో దూరితే నాకూ ఒకటి పడింది, చెవి గుయ్యిమంది. అంతటితో ఆగాడా? "అండా అంట, అండా!" అని డ్రమ్మునెత్తి గడపరాయికేసి బాదాడు. పైతోలు పగిలింది. రంగు పెచ్చులుగా రాలింది.

రాలినచోట చుక్కలు కనిపించాయి. పెళ్లికి పెట్టే పాత్రల మీద చుక్కలు పొడిపించి పేరు వేయిస్తారే, ఆ చుక్కలు. చాచా నోరు తుడుచుకుంటూ తన చిన్న కత్తి నా చేతికిచ్చారు. గీకాను. ఒక్కో అక్షరం బయటపడింది. మా జేజి పేరు, పక్కనే ఆమె పుట్టింటి ఊరు.

జేజి అంటే నాయన తల్లి. ఆమె ఎడమచెయ్యి మోచేతి దగ్గర వంకరగా అతుక్కొని ఉండేది. బావి దగ్గర జారిపడిందని ఇంట్లో అందరూ అనేవారు. నేను అడిగితే మాత్రం జేజి, "మాయమ్మ పెట్టిన అండా, ఇయ్యనంటి. గట్టిగా పట్టుకుంటి. అందుకే" అనేది.

"ఇప్పుడు యాడుండాది జేజీ?"

"పెండ్లిండ్లకు పోతా ఉండాది లే."

వంటకు ఎవరో అడిగి తీసుకెళ్లారు కాబోలు అనుకునేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఏ పెళ్లిలో ఆ డ్రమ్ము మోగినా జేజి లేచి పెరట్లోకి వెళ్లిపోయేది.

"సదువు" అన్నాను అన్నతో. చదివాడు. మెత్తబడతాడనుకున్నాను.

"ఎవురిదైతే ఏమి? డ్రమ్ము సేసింది తాత" అని రెండు చేతుల్తో లాగాడు. నేను వదల్లేదు. ఇంకా గట్టిగా లాగాడు. నా భుజం కలుక్కుమంది. జేజి కూడా ఇలాగే పట్టుకొని ఉంటుంది. ఆమె చేతికి ఏమీ దొరకలేదు, నాకు అరుగు మీదున్న డ్రమ్ము కర్ర దొరికింది. బలంకొద్దీ అన్న మణికట్టు మీద కొట్టాను. వదల్లేదు. మళ్లీ అక్కడే కొట్టాను. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది.

అన్న నేలమీద కూలబడి చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే ప్రాణం హాయిగా ఉంది. మూడో దెబ్బకు కర్ర ఎత్తాను.

అన్న మంచి మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"కొట్టద్దు నాయనా" అన్నాడు, నాతో.

కర్ర వాకిట్లో పారేశాను. చాచా, నేను తిరుపతి బస్సెక్కాం. జేజి అండా నా ఒళ్లో ఉంది. పూతలపట్టు దాటినా చాచా నా వైపు చూడలేదు.